డల్లాస్ పద్య నాటకం: బ్యాక్‌స్టేజ్ పేపర్ల సంగతి, వాలంటీర్లందరూ చదవండి

అందరికీ నమస్తే. కర్నూల్లో రిహార్సల్స్ బాగా జరుగుతుండాయి, ఆర్టిస్టుల గురించి దిగులు లేదు, నా దిగులంతా పేపర్ల మీదే. ఆర్టిస్టులు ఈడ, లైట్లు సౌండు కర్టెన్ చూసే మీరంతా ఆడ, అందరం కలిసేది హాల్లో టెక్ రిహార్సల్ రోజే. సురభి నాటక సంస్థ వాళ్ళంటే 1885లో మన కడప జిల్లా సురభి ఊర్లో మొదలుపెట్టి తరాలుగా కుటుంబాలే నడుపుతున్నారు, పిల్లోళ్ళు స్టేజి మీదనే పెరుగుతారు, ఏ తెర ఎప్పుడు లేపాలో ఒకరు చెప్పే పని లేదు. మనకట్ల కుదరదు, రిహార్సల్ ఒక్కసారీ చూడని మనిషి కూడా కాగితం చూసి షో నడపగలగాల.

స్క్రిప్ట్ డీటీపీలో అను ఫాంట్లతో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) కొట్టిచ్చినారు, ఆ ఫైల్ మీ దగ్గర తెరిస్తే పిచ్చి అక్షరాలొస్తాయి. యూనికోడ్‌లోకి మార్పించి, ప్రూఫ్ చూసి (ఒత్తులు ఎగిరిపోతుంటాయి) పీడీఎఫ్ పెడతా. మాది ఏ4, మీది లెటర్ సైజు, పొడవు 18 మిల్లీమీటర్లు తక్కువ, ఎవరన్నా వర్డ్ ఫైల్ మార్చి ప్రింట్ తీస్తే పేజీలు జరిగిపోయి నేను 12 అన్నది మీకు 13లో ఉంటాది. అందుకే పేజీలతో పని లేకుండా ప్రతి పద్యానికీ ప్రతి ఎంట్రీకీ నంబర్ ఇస్తున్నా. ప్రింట్ ఒక వైపే తీయండి, ఎదురు పేజీలో క్యూలు (లైటు, సౌండు, తెర ఎప్పుడు మార్చాలో గుర్తులు) పెన్సిల్‌తో రాసుకోవచ్చు. ఫైల్ పేర్లలో తేదీ వద్దు, 5/6 అంటే మాకు జూన్, మీకు మే. వెర్షన్ నంబర్ పెడదాం.

లైట్స్ టీం: అన్నా, లైట్ బోర్డు దగ్గర కూర్చునేది మా అమ్మాయి. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. వన్స్ మోర్ అంటే ఏం చేయాలని కూడా అడుగుతోంది.

మంచి ప్రశ్న అక్కా! జనం వన్స్ మోర్ అంటే పద్యం మళ్ళా పాడతారు, ఈలోపల లైట్ మారిపోతే సీనంతా పాడు. అందుకే రాగం తీసేటప్పుడు లైట్ ముట్టుకోకూడదు, ఆర్టిస్ట్ చేసే పనిని బట్టే మార్చాల, "గద కింద పెట్టినాక", "రెండడుగులు ఎనక్కి వేసినాక" అని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి పంపిస్తా. పాపకు రిహార్సల్ వీడియో కూడా చూపించండి.

హార్మోనియం అక్కడి సారే వాయిస్తారు కాబట్టి ఆయన షీట్‌లో ప్రతి పద్యం పక్కన శ్రుతి (ఆర్టిస్ట్ పాడే స్థాయి) ఉంటాది, నాలుగా నాలుగున్నరా అని, ఇద్దరు ఆర్టిస్టులకు తేడా ఉంది.

ప్రాప్స్ టీం: కత్తులు, గదలు, హారతి ఎట్లా వస్తున్నాయి?

కత్తులు, గదలు చెకిన్ బ్యాగుల్లోనే, ఏది ఏ పెట్టెలో ఉందో నంబర్‌తో లిస్ట్ పెడతా. కర్పూరం విమానంలో తేకూడదు, హారతికి ఎల్ఈడీ దీపం మీరే చూడండి, నిజం మంట అయితే హాల్ వాళ్ళ పర్మిషన్ కావాల. సైడ్ వింగ్‌లో టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి గళ్ళు గీసి, ఒక్కో గడిలో వస్తువు పేరు, ఎవరిదో రాయండి, షో ముందర ఏ గడి ఖాళీగా ఉంటే ఆ వస్తువు రాలేదని తెలిసిపోతాది. గ్రీన్ రూమ్ తలుపు దగ్గర సంతకాల షీట్ ఎవరు చూస్తారో ఈ వారంలో చెప్పండి.