చలిచీమల పద్యంలో ‘ని’యా ‘వి’యా?

పాతపుట: 1954 నవంబరు 6న కర్నూలు శాసనసభలో 69–68తో ప్రకాశం గారి మంత్రివర్గం పడిపోయిన సంగతి చదువుతుంటే సుమతి పద్యం నోట్లో ఆడుతోంది. ‘బలవంతుడ నాకేమని, పలువురతో...’ తర్వాత నిగ్రహించియా (అణచియా), విగ్రహించియా (విరోధించియా)? అచ్చుల్లో ‘ని’ కనిపిస్తుంది, అర్థం ‘వి’ వైపు లాగుతోంది.

కందప్రియ: ఛందస్సు తేల్చదు. ని అన్నా వి అన్నా వెనక ‘గ్ర’ ఉంది కాబట్టి గురువే. ఆరో గణం ‘గ్రహించి’ జగణం, లక్షణంగా ఉంది. యతి ప–ప, ప్రాస లకారం. పేచీ ఉన్న అక్షరానికి ఈ రెండింటితోనూ పని లేదు.

శబ్దమంజరి: విభక్తి తేలుస్తుంది. నిగ్రహించడం ఒకరిని, విగ్రహించడం ఒకరితో. ‘పలువురతో’ అన్నాక ‘వి’ తప్ప మరొకటి కుదరదు.

కందప్రియ: అన్వయం చూడండి మాస్టారూ. ‘తో’ పోయి ‘పలుకుట’తో కలుస్తుంది: పలువురతో, నిగ్రహించి, పలుకుట. గద్దించి మాట్లాడటం అన్నమాట.

శబ్దమంజరి: దూరాన్వయం, పక్క మాటను వదిలి దూరపు మాటతో కలపడం. మూలం పంచతంత్రంలో ఉంది: ‘బహవో న విరోద్ధవ్యాః’ అని మొదలై ‘భక్షయంతి పిపీలికాః’ అని ముగుస్తుంది. అక్కడున్నది విరోధం, గద్దింపు కాదు.

మిత్రభేదం: సంధి, విగ్రహం, యానం, ఆసనం... రాజనీతిలోని ఈ ఆరు ఉపాయాలు, షాడ్గుణ్యం, తెలిసిన నీతికారుడు ‘వి’ అనే రాస్తాడు. ఆ మాటకొస్తే పంచతంత్రాన్ని తెలుగు చేస్తూ చిన్నయసూరిగారు నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం రాసి ఆగారు, సంధి విగ్రహాలు వీరేశలింగం గారి చేతికొచ్చాయి. సూరి గద్యం ముందు మిగతావన్నీ వెలవెల.

గోదారిగట్టు: కొక్కొండ వెంకటరత్నం గారు రాసిన ‘విగ్రహం’ మరిచారు! అది గ్రాంథికానికి పరాకాష్ఠ.

మిత్రభేదం: పరాకాష్ఠే, అందుకే ఎవరూ చదవరు.

కర్నూలుకోట: పద్యం సరే, ఉదాహరణ అతకదు. ‘సంకీర్ణం’ అంటే మంత్రివర్గంలో వాటా ఉన్నవాళ్ళే, బయట నిలబడి మోసినవాళ్ళు ఆ లెక్కలోకి రారు. 140 మంది సభలో కాంగ్రెసుకు సొంత మెజారిటీ లేదు. ప్రజాసోషలిస్టు పార్టీ వదిలి వచ్చిన ప్రకాశం ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. రామమూర్తి కమిటీ మద్యనిషేధం ఎత్తేయమంది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. గీత కార్మికుల కోసం లచ్చన్న పోరాడాడు. కమ్యూనిస్టులూ కృషికార్ లోక్ పార్టీ వాళ్ళూ ఒక్కటై అవిశ్వాసం నెగ్గించారు. ఇందులో ‘బలవంతుడ నాకేమని’ అన్నవాడెవడు? అసలు బలమే లేని సర్పం అది.

కందప్రియ: ప్రభుత్వం పడింది నిషేధం మీదే కదా, అంటే నిగ్రహం మీద. కాబట్టి ‘ని’!

కర్నూలుకోట: చమత్కారం బాగుంది, వాదం కాదు. పైగా 1955 ఎన్నికల్లో కృషికార్ లోక్, ప్రజాపార్టీ కాంగ్రెసుతోనే జట్టు కట్టాయి. 196 స్థానాల్లో కాంగ్రెసుకు 119, కూటమి మొత్తానికి 146. సుమారు 31 శాతం ఓట్లు తెచ్చుకున్న కమ్యూనిస్టులకు 15 సీట్లు. చీమల్లో కొన్ని పుట్టలోకే వెళ్ళాయి, దీనికి సుమతిలో పద్యం లేదు.

పాతపుట: ‘ని’ ఎలా వచ్చిందో మరి?

ద్రుతప్రియ: నా ఊహ. ‘తో’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. పలువురతోన్ + విగ్రహించి, ఆ నకారం తర్వాతి హల్లుతో అతుక్కుని (సంశ్లేష) ‘తోన్విగ్రహించి’. పాడుతుంటే ‘న్వి’ నోట్లో ‘ని’ అయింది, లేఖరి విన్నదే రాశాడు. గణాలూ చెడవు.

కందప్రియ: ఊహకేం, చక్కగా ఉంది. ఒక్క తాళపత్ర ప్రతిలో అలా ఉందని చూపించండి, ఒప్పుకుంటా.

ద్రుతప్రియ: ద్రుతం సంగతి మీకు అనుమానమైతే నాలుగో పాదం చూడండి: ‘చేతఁ జిక్కి’. చిక్కి జిక్కి అయిందంటే అక్కడ నకారం ఉన్నట్టే కదా. ఈ అచ్చులన్నీ అరసున్న ఎగరగొట్టి ‘చేత జిక్కి’ అని ఎందుకు వేస్తున్నాయో ముందు అది చెప్పండి.