ఎంపీ పెట్టిన ప్రైవేటు బిల్లు ఎప్పటికైనా చట్టం అవుతుందా?

చిక్కడపల్లి చదువరి:
గ్రూప్-2 కోసం పాలిటీ చదువుతున్నా. చట్టాలు చేసేది పార్లమెంటు అని పుస్తకంలో ఉంది. మా ఎంపీ గారు ప్రైవేటు బిల్లు పెట్టారని ఆమధ్య పేపర్లో ఫోటోతో సహా వేశారు. తర్వాత దాని ఊసే లేదు. ప్రభుత్వం సరే అనకపోతే ఏ బిల్లూ పాస్ కాదా?

మాజీ పీఏ:
ఢిల్లీలో ఒక ఎంపీ గారి దగ్గర పీఏగా చేశాను తమ్ముడూ. అలాంటి బిల్లులు నేనూ టైప్ చేశాను. స్వాతంత్ర్యం వచ్చాక చట్టమైన ప్రైవేటు బిల్లులు 14. చివరిది 1970లో. మంత్రి కాని సభ్యుడు పెడితే అది ప్రైవేటు బిల్లే, అధికార పార్టీ ఎంపీ అయినా సరే. లోక్‌సభలో వాటికి దక్కేది వారం విడిచి వారం, శుక్రవారం చివరి రెండున్నర గంటలు. అప్పటికే చాలామంది సూట్‌కేసు సర్దుకుని ఎయిర్‌పోర్టు దారిలో ఉంటారు. ఎవరి బిల్లు ముందుకు రావాలో లాటరీ తీస్తారు. లాటరీ తగిలి చర్చ జరిగినా, చివర్లో మంత్రి లేచి "మంచి విషయమే, పరిశీలిస్తాం, ఉపసంహరించుకోండి" అంటారు. మా సారు అలాగే వెనక్కి తీసుకున్నారు.

ప్రభుత్వ బిల్లు దారి వేరు. శాఖ అడుగుతుంది, న్యాయశాఖ రాస్తుంది, కేబినెట్ ఒప్పుకుంటుంది. సభకు వచ్చేసరికి వంట అయిపోయింది, వడ్డనే మిగిలింది. పైగా విప్ ఉంటుంది, అంటే ఇలాగే ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశం. 1985 ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్ ధిక్కరించి ఓటేస్తే సీటుకే ఎసరు.

గోదారి గట్టు:
విప్ దాకా ఎందుకు? 2014లో మా అసెంబ్లీ విభజన బిల్లును జనవరి 30న తిరస్కరించింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభలో లైవ్ ఆగిపోయి, మూజువాణి ఓటుతో పాసైపోయింది. ఎవరు ఎటో లెక్కే లేదు.

కరీంనగర్ నుంచి:
అన్నా, అసెంబ్లీ తిరస్కరించింది కూడా మూజువాణి ఓటుతోనే కదా! రాష్ట్రాల విభజన గురించి చెప్పే రాజ్యాంగం ఆర్టికల్ 3 ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, అంతే. ఒప్పుకోవాలని లేదు. ఇంకోటి, అది ప్రభుత్వం ఒక్కటే చేసిన పని కాదు. అధికారంలో ఉన్న కాంగ్రెస్ సొంత సీమాంధ్ర ఎంపీలే అవిశ్వాసం నోటీసులిచ్చారు, ఆరుగురిని పార్టీ బహిష్కరించింది కూడా. బీజేపీ మద్దతు లేకపోతే గట్టెక్కేదా?

మాజీ పీఏ:
ఆ గొడవ ఇక్కడ వద్దు బాబూ, ఇద్దరూ నాకు కావలసినవాళ్లే.

తమ్ముడూ, ప్రైవేటు బిల్లును మరీ తీసిపారేయకు. ట్రాన్స్‌జెండర్ హక్కులపై డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ పెట్టిన ప్రైవేటు బిల్లును 2015లో రాజ్యసభ పాస్ చేసింది. లోక్‌సభలో అది ముందుకు సాగలేదు. కానీ ప్రభుత్వం కదిలి సొంత బిల్లు తెచ్చింది, 2019లో చట్టమైంది. శివ అడిగినవన్నీ అందులో లేవనుకో. పాసయ్యాక కూడా పగ్గం ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది. పౌరసత్వ సవరణ చట్టం 2019 డిసెంబరులో పాసైతే, దాన్ని అమలు చేసే రూల్స్ వచ్చింది 2024 మార్చిలో.

చిక్కడపల్లి చదువరి:
థాంక్స్ సార్. మా ఎంపీ గారి బిల్లు ఇప్పుడు ఎక్కడుందో తెలుసుకోవచ్చా?

మాజీ పీఏ:
లోక్‌సభ వెబ్‌సైట్లో బిల్లుల జాబితా ఉంటుంది, ఎంపీ పేరుతో వెతుకు. 2024 ఎన్నికలకు ముందు లోక్‌సభలో పెట్టినదైతే మాత్రం ఆ సభ రద్దుతోనే మురిగిపోయి ఉంటుంది. మళ్లీ కొత్తగా పెట్టాల్సిందే.