అప్‌డేట్: మేకల దాణాకు పాత నీలం డ్రమ్ము

200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును మేకలకు దాణా తొట్టిగా వాడొచ్చా అని అడిగాను కదా. వాడొచ్చు, బాగానే పనిచేస్తోంది.

డ్రమ్మును రెండు సగాలుగా కోయడానికి కటింగ్ గ్రైండర్‌తో మొదలుపెట్టడం తప్పు. డిస్క్ వేడికి ప్లాస్టిక్ కరిగి, కోసినచోటే మళ్లీ అతుక్కుంటుంది. జిగ్‌సాకు (చేత్తో పట్టుకునే చిన్న కరెంటు రంపం) పెద్ద పళ్ల, చెక్క కోసే బ్లేడు వేసి, వేగం తగ్గించి కోయాలి. డ్రమ్ము పైమూతకున్న రెండు బిరడాలూ చెరో సగానికి వచ్చేలా నిలువుగా కోస్తే బిరడా తొట్టి అడుగు దగ్గరే ఉంటుంది. కడిగినప్పుడు విప్పితే చాలు, నీళ్లు పోతాయి. అడుగున రంధ్రాలు పెట్టమని కొందరు చెప్పారు గానీ, తవుడు కారిపోతుంది. అంచుకు పాత నీళ్ల పైపును చీల్చి తొడగండి, లేకపోతే మెడ కింద గీసుకుంటుంది.

ఒక్కో సగం దాదాపు మూడడుగులు. రెండు వైపులా కలిపి నాలుగు పెద్ద మేకలు తింటాయి, ఐదోది వస్తే కుమ్ములాటే.

అసలు తంటా, తొట్టిలోకెక్కి పెంటికలు వేయడం. అంచు నేలకు అడుగున్నర ఎత్తులో ఉండేలా చెక్క చట్రంలో కూర్చోబెట్టి, అంచుకు జానెడు పైన, నడిమధ్యన పొడుగునా ఒక ఇనుప పైపు బిగించాక ఎక్కడం ఆగింది. పైపు ఇంకా పైకి పోతే పిల్లలు దూరతాయి. చట్రం లేకపోతే పక్కలు విచ్చుకుంటాయి.

పురుగుమందు, యాసిడ్ డ్రమ్ములు మాత్రం ఎంత కడిగినా వద్దు. ప్లాస్టిక్ మందును పీల్చుకుంటుంది. పండ్ల గుజ్జు, గ్లూకోజ్ సిరప్ వచ్చినవి చూసి కొనండి.