సిక్స్ నేషన్స్‌లో సొంతగడ్డ లాభం: ఒక్క మ్యాచ్ లెక్కంతా తిప్పేస్తోంది

హన్మకొండలో డిగ్రీ స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు కోసం రగ్బీలో సొంతగడ్డ లాభం (సొంత మైదానంలో ఆడటం వల్ల కలిసొచ్చేది) ఎన్ని పాయింట్లో ఎక్సెల్‌లో తేలుస్తున్నాం. (క్రికెట్‌లో పిచ్ గొడవ ఉంటుందని రగ్బీ తీసుకున్నాం.)

సిక్స్ నేషన్స్ అంటే ఆరు యూరప్ జట్లు ఏటా ఆడే రగ్బీ టోర్నీ. అందులో ఒక జట్టుకు ఒక ఏడాది 2 సొంత మ్యాచ్‌లు, మరుసటి ఏడాది 3. అందుకే 2023, 2024 కలిపి చూశాం. 30 మ్యాచ్‌లు, 15 జట్ల జంటలు. ప్రతి జంటా ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ ఆడింది కాబట్టి జట్ల బలాబలాలు చాలావరకు కొట్టుకుపోతాయి.

చిక్కంతా ఇంగ్లండ్–ఫ్రాన్స్ దగ్గరే. 2023లో ఇంగ్లండ్ సొంతగడ్డ ట్వికెన్‌హామ్‌లో ఫ్రాన్స్ 53-10తో గెలిచింది, 2024లో తన సొంతగడ్డ లియోన్‌లో 33-31తో. అంటే సొంత జట్టు తేడాలు −43, +2, సగటు −20.5. మొత్తం సగటులో ఈ ఒక్క జంట వాటాయే దాదాపు −1.4. వెతికేదే నాలుగైదు పాయింట్ల లాభమైతే ఇది చిన్నదేం కాదు.

జట్ల బలాన్ని విడిగా లెక్కలోకి తీసుకునే రిగ్రెషన్ పెట్టినా అదే జవాబు. ప్రతి జంటా సమంగా ఆడింది కాబట్టి మారదు కూడా. మీడియన్ (వరుసలో నడిమి విలువ) తీస్తే ఏడాది మార్చినప్పుడల్లా ఎగిరి దూకుతోంది. వరల్డ్ రగ్బీ ర్యాంకింగ్స్‌లో 15 దాటిన తేడాలన్నీ ఒకే గాటన కడతారు కదా అని ±15 దగ్గర కోశాం, అంటే అంతకు మించిన తేడాను 15గానే లెక్కించాం. ఆ జంట −6.5కి వచ్చింది, కానీ సొంతగడ్డపై వచ్చిన భారీ గెలుపులూ తెగిపోయి అసలు లాభమే తగ్గుతోంది.

వెనక్కి ఏళ్లు పెంచుదామంటే, 2022కి జోడీగా కావాల్సిన 2021లో ప్రేక్షకులే లేరు.

15 జంటలతోనే పని కానివ్వాలంటే, ఇలాంటి భారీ తేడాను ఏ పద్ధతిలో, ఎంత దగ్గర అదుపు చేయాలి?