అప్‌డేట్: గ్రూపులో కొత్తవాళ్లకి పద్ధతులు ఎలా నేర్పాలని అడిగాను కదా

మా పలాస జీడి రైతుల వాట్సాప్ గ్రూపులో కొత్తవాళ్లు గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఫార్వర్డ్‌లు కుప్పలుగా పెడుతున్నారు, నొప్పించకుండా ఎలా చెప్పాలని అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

"అందరి ముందూ అనొద్దు, విడిగా చెప్పండి" అన్నది బాగా పనిచేసింది. ఎవరు చేరినా మా పెద్దాయన ఒకరు వాళ్లకి వాయిస్ మెసేజ్ పెడుతున్నారు: "బాబూ, ఆకు ఫొటో పెడితే ఊరు, చెట్టు వయసు, కొట్టిన మందు కూడా రాయి." మొన్న మందస కుర్రాడొకడు ఎండిన చిగుళ్ల ఫొటోతో పాటు ఇవన్నీ రాశాడు. చిగుళ్ల రసం పీల్చే టీ దోమ అనే పురుగు పని అని వెంటనే తేల్చేశారు. జవాబులు కూడా అతని మెసేజ్‌కే రిప్లైగా ఇచ్చారు, రేపు వెతుక్కునేవాళ్లకి దొరుకుతాయి.

ఫార్వర్డ్‌ల మీద మాత్రం గట్టిగా ఉన్నాం. రెండు బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారిందని అర్థం. 2020 నుంచి వాట్సాప్ అలాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. 2018లో తిత్లీ తుఫాను తీరం దాటింది మా పలాస దగ్గరే. తుఫాను పుకారంటే ఇక్కడ ఇంటిల్లిపాదికీ టెన్షన్. అందుకే వాతావరణ శాఖ బులెటిన్ తప్ప ఇంకేదొచ్చినా అడ్మిన్లు తీసేస్తున్నారు. నాకైతే ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

ఒక్కటే తేలలేదు. చావు కబురు వస్తే వందమంది దండాల బొమ్మలు పెడతారు, అడిగిన ప్రశ్న ఎక్కడో కిందికి పోతుంది. వద్దనడానికి నోరు రావట్లేదు. మీ గ్రూపుల్లో ఏం చేస్తున్నారు?