అమెరికా స్థానిక టీవీ స్టేషన్ పేరులో నెట్‌వర్క్ ఎంత, ఊరు ఎంత?

ప్రశ్న:
అమెరికా జాతీయ టీవీ నెట్‌వర్క్ ఎన్‌బీసీకి న్యూయార్క్‌లో ఉన్న స్టేషన్ తనను ‘ఎన్‌బీసీ 4 న్యూయార్క్’ అని చెప్పుకుంటుంది. అట్లాంటాలో మరో నెట్‌వర్క్ ఏబీసీ కార్యక్రమాలు ప్రసారం చేసే డబ్ల్యూఎస్‌బీ మాత్రం తన వార్తలకు ‘చానల్ 2 యాక్షన్ న్యూస్’ అని పేరు పెట్టుకుని, అందులో ఏబీసీ ఊసే ఎత్తదు. ఈ తేడాకు కారణమేమిటి?

మొదటి జవాబు:
ముందుగా చూడవలసింది యాజమాన్యం. న్యూయార్క్ స్టేషన్ ఎన్‌బీసీకి సొంతం. డబ్ల్యూఎస్‌బీకి ఏబీసీతో ఉన్నది ఒప్పందం మాత్రమే. పైగా అది 1980లో ఎన్‌బీసీని వదిలి వచ్చిన స్టేషన్. ఒప్పందాలు మారినా చానల్ అంకె మారదు కనుక, ప్రేక్షకుల నోట నానిన ‘2’ను పట్టుకుని ఉండటమే తెలివైన పని అని నా అభిప్రాయం. రాలీ నగరంలోని డబ్ల్యూఆర్‌ఏఎల్ స్టేషన్ కూడా 2016 ఫిబ్రవరి 29న సీబీఎస్ అనే నెట్‌వర్క్ నుంచి ఎన్‌బీసీకి మారినప్పుడు తన పేరును అలాగే ఉంచుకుంది.

రెండవ జవాబు:
పేరు దగ్గరే బేరం బెడిసిన సందర్భమూ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్రాన్ స్టేషన్ ‘ఎన్‌బీసీ 4’ అని పిలుచుకోవాలన్నది ఎన్‌బీసీ పెట్టిన షరతుల్లో ఒకటి. యాజమాన్యం ఒప్పుకోలేదు, 2001 ముగిసేసరికి బంధం తెగిపోయింది. ఆ స్థానంలోకి వచ్చిన శాన్‌హోసే స్టేషన్ కేఎన్‌టీవీ ఇప్పుడు అంకె కూడా లేకుండా ‘ఎన్‌బీసీ బే ఏరియా’గా చలామణీ అవుతోంది.

మూడవ జవాబు:
ప్రచారంలో ఏ పేరు వాడుకున్నా, గంటకోసారి కాల్‌సైన్‌ను (డబ్ల్యూఎస్‌బీ వంటి అధికారిక అక్షరాల పేరును), దాని వెంటనే లైసెన్సు పొందిన ఊరి పేరును చెప్పడమో తెరపై చూపడమో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనల ప్రకారం తప్పనిసరి. తెర అడుగున కనిపించే ఆ చిన్న అక్షరాలు అవే.