రాజకీయ వార్తలను మా ఊరివాళ్లకు ఎలా చెప్పాలి?

మాది అనంతపురం జిల్లా, ఉరవకొండ దగ్గర పల్లె. సాయంత్రం ఊరి వాట్సాప్ గ్రూపులో ఆనాటి వార్తలు వాయిస్ మెసేజ్‌గా పెడతాను. చదువురాని పెద్దవాళ్లు చాలామంది అవే వింటారు.

హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం వార్తలతోనే ఇబ్బంది. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులని, క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లని చెప్పగలను. కానీ శెనక్కాయ వేసిన రైతు అడిగేది ఒక్కటే: "అదంతా సరేప్పా, మన చెరువుకు నీళ్లొస్తాయా, రావా?" శ్రీశైలం నుంచి ఎత్తిపోసే నీళ్లలో మా చెరువుకు ఎంతో పేపర్లో ఉండదు. ఊహించి చెప్పడం నాకిష్టం లేదు.

నాయకుల మాటలు ఉన్నదున్నట్టు చెప్పినా "ఆ పార్టీ మనిషి" అంటున్నారు. పేర్లు తీసేస్తే వార్తే మిగలదు.

ఇలాంటి పని చేస్తున్నవాళ్లు దయచేసి చెప్పండి. కాలువ నీళ్ల వివరం ఇరిగేషన్‌లో ఎవరినడగాలి? విమర్శ, దానికి జవాబు ఒకే మెసేజ్‌లో పెట్టాలా, విడివిడిగానా?